ఒంటిగంటకి తాళం చెవి

“రెండే రెండు నిమిషాలు” అని మొదలుపెట్టిన వాళ్ళని నమ్మి మా తెలుగు సంఘం ఢిల్లీలో ఇప్పటికి రెండు హాళ్ళు పోగొట్టుకుంది. మొదటిది కరోల్ బాగ్‌లో. రెండోది మునిర్కాలో ఒక పెళ్ళిళ్ళ హాలు. అక్కడ మా ఆఖరి ప్రార్థన కాకముందే పెళ్ళివారి బ్యాండు లోపలికి వచ్చేసింది. మా పాస్టరు అయ్యగారు ఆశీర్వాదం చెబుతుంటే వెనక బాకా ఊదారు. మూడోది ఇప్పుడున్నది, కటవారియా సరాయ్ పక్కన ఒక బడి హాలు. అది నా పూచీ మీద దొరికింది.

నా పేరు ధర్మయ్య, ఊరు తెనాలి. బేర్ సరాయ్‌లో మన బియ్యం, మన కారం, మన పచ్చళ్ళు అమ్ముతాను. ఇన్నేళ్ళుగా ఆ సందులో నిలబడ్డానంటే నా కారం అందరికంటే ఎర్రగా ఉంటుందని కాదు. సాయంత్రానికి సరుకు పంపుతానంటే సాయంత్రానికి పంపుతాను, అంతే. బడి మేనేజరు త్యాగీజీ నా దుకాణం గది యజమానికి బావమరిది. హాలు అడగడానికి వెళ్ళినప్పుడు ఆయన ముందే అన్నాడు, “ప్రార్థనలవాళ్ళకి ఇస్తే లేవరు భయ్యా” అని. “మావాళ్ళు ఒంటిగంటకి లేస్తారు. నాది మాట” అన్నాను. ఆ మాట ఇచ్చిన నాటి నుంచి నాకు ఆదివారం ఆరాధన లేదు, కాపలా ఉంది.

చిక్కంతా సాక్ష్యాల దగ్గర. దేవుడు తనకి చేసిన మేలు పదిమందిలో నిలబడి చెప్పడం సాక్ష్యం. మంచి ఆచారమే, కాదనను. కానీ సరుకు మంచిదని తూకం లేకుండా పోస్తామా? మావాళ్ళలో గుర్గావ్, నోయిడా నుంచి వచ్చే సాఫ్ట్‌వేర్ వాళ్ళున్నారు. వారమంతా ఆఫీసు మీటింగుల్లో అరనిమిషం కూడా మాట్లాడనివ్వరట. ఆ ఆరు రోజుల బాకీ మా మీద తీర్చుకుంటారు. కంటోన్మెంటు నుంచి వచ్చే మిలిటరీ కుటుంబాలు కొంత నయం. లేచి, చెప్పి, కూర్చుంటారు.

అయ్యగారు కిరణ్‌కుమార్ కూడా తక్కువవారేం కాదు. ఎండాకాలం మొదట్లో ‘నమ్మకమైన సంఘానికి ఏడు లక్షణాలు’ అని వరుస ప్రసంగాలు మొదలుపెట్టారు. జూన్ వచ్చింది, మేము రెండో లక్షణం దగ్గరే ఉన్నాం. రెండోది సహవాసం. మొదటిదేమిటో నాకైతే గుర్తులేదు. నన్నడిగితే ఎనిమిదో లక్షణం ఒకటి చేర్చాలి: వేళకి లేవడం.

ఎందుకంటే ఒంటిగంట తరవాత ఆ హాలు మాది కాదు. జార్ఖండ్ నుంచి వచ్చిన ఆడవాళ్ళది. వసంత్ కుంజ్ ఇళ్ళల్లో వంటా, పిల్లల పనీ చేసుకునేవాళ్ళు. ఆదివారం పొద్దుటి పని కాగానే వదిలితే సాయంత్రం టీ వేళకి మళ్ళీ ఆ ఇళ్ళల్లో ఉండాలి. ప్రతి ఆదివారమూ మేము లోపల మా ఫ్రిజ్‌ల గురించీ ప్రమోషన్ల గురించీ స్తోత్రాలు చెల్లిస్తుంటే, వాళ్ళు బయట నీడ చాలని వేపచెట్టు కింద పాటల పుస్తకాలు తలమీద పెట్టుకుని ఎండలో నిలబడేవారు. ఒక్కనాడూ తలుపు తట్టలేదు. అదే నాకు మరీ చిరాకు. తట్టితే మావాళ్ళకి బుద్ధి వచ్చును.

ఆ శుక్రవారం త్యాగీజీ నా దుకాణానికి వచ్చి పచ్చడి సీసా తీసుకుంటూ చెప్పాడు.

“ధర్మయ్యజీ, ఈ ఆదివారం నేనే వస్తా. ఒంటిగంటకి తాళం చెవి జార్ఖండ్ వాళ్ళ చేతిలో ఉండాలి. లేదంటే వచ్చే వారం నుంచి మీరు వేరే చోటు చూసుకోండి.”

“ఠీక్ హై జీ.”

“హాలు పోతే పోయింది, ఇంకోటి దొరుకుతుంది. నీ మాట మీద ఇచ్చా. మా బావకి కూడా అదే చెప్పా.” సీసా మూత బిగించి చూసుకుని వెళ్ళిపోయాడు.

ఇంతకంటే చెప్పేదేముంది? సందులో ఒక వర్తకుడి మాట ఒకసారి చెల్లలేదంటే, తరవాత అతను కిలో తూచినా పక్కవాడు మళ్ళీ తూచి చూసుకుంటాడు.

ఆదివారం అందరూ వచ్చాక నేను ముందుకి వెళ్ళి సంగతి చెప్పాను. ఈ పూట ఆలస్యమైతే హాలు పోతుందని ఒకటికి రెండుసార్లు చెప్పాను. దుకాణం బల్ల మీది గంట, నెలల తరబడి నేను తెస్తున్నదే, ఎదురుగా పెట్టాను. సాక్ష్యం చెప్పేవాళ్ళు గంట మోగగానే ఆపాలన్నాను. అందరూ “ఆమేన్” అన్నారు. ఆమేన్ అనడంలో మావాళ్ళని మించినవాళ్ళు లేరు.

మొదట ఇంద్రాణిగారు లేచారు. గుర్గావ్‌లో పెద్ద ఉద్యోగం, పెద్ద గొంతు.

“ప్రభువు నామంలో అందరికీ వందనాలు. రెండే రెండు నిమిషాలు. గతంలో మా ఫ్రిజ్ విషయం ప్రార్థించమన్నాను, గుర్తుందా? అసలు ఆ ఫ్రిజ్ మేము కొన్నది...”

కొన్నప్పటి నుంచీ చెప్పారు. మెకానిక్ మొదటిసారి రాకపోవడం చెప్పారు, రెండోసారి వచ్చి తప్పు పార్టు తేవడం చెప్పారు. నేను గంట కొట్టాను.

“అన్నయ్యగారూ, ఆ గంట కాస్త ఆపండి. ఆత్మ కదిలేటప్పుడు గంట కొట్టకూడదు.”

“ఆత్మ కదిలితే నాకభ్యంతరం లేదమ్మా. కదలాల్సింది మెకానిక్కు.”

అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు గానీ, కూర్చున్నారు. తరవాత నోయిడా రాజగోపాల్‌గారు వీసా సంగతి ఎత్తుకున్నారు. ఆయనకి గంట రెండుసార్లు కొట్టాల్సి వచ్చింది. మా ఆవిడ కృష్ణకుమారి ఆడవాళ్ళ వరసలోంచి నా వంక చూసిన చూపుకి మామూలుగా అయితే నేను గంట జేబులో పెట్టేసుకునేవాణ్ణి. ఆ రోజు పెట్టుకోలేదు.

అయ్యగారు సహవాసం మీద మాట్లాడుతూ గడియారం వంక చూశారు. దేవుడి దయ. మాటకీ మాటకీ మధ్య నేను గొంతు సవరించుకుంటూనే ఉన్నాను. పావుగంట మిగిలి ఉండగానే బైబిలు మూశారు. నేను నమ్మలేకపోయాను. ఇక ఆశీర్వాదం ఒక్కటే. తాళం చెవి చేతిలోకి తీసుకున్నాను.

అప్పుడు వెనక వరసలో ఒకావిడ లేచి నిలబడింది.

ఆవిడ సుభద్ర. సుబేదారు సాయిప్రకాష్ భార్య. కంటోన్మెంటు నుంచి రెండు బస్సులు మారి వస్తుంది. వచ్చినన్నాళ్ళలో ఒక్క సాక్ష్యం చెప్పలేదు, ఒక్క పాట ఎత్తలేదు. బల్ల ఆరాధనలో రొట్టె, ద్రాక్షరసం పంచాక ఆ చిన్న గిన్నెలన్నీ కడిగి, తుడిచి, పెట్టెలో సర్ది వెళ్ళిపోయేది. ఆవిణ్ణి మేమంతా ‘కంటోన్మెంట్ ఆంటీ’ అనేవాళ్ళం.

“అయ్యగారండి, మావారికి జోధ్‌పూర్ వేశారండి. ఎల్లుండే బండి. మళ్ళీ ఆదివారం ఉండనండి. ఒక్క మాట చెప్పుకుంటానండి.”

అయ్యగారు నా వంక చూశారు. నేను తల అడ్డంగా ఊపాను. ఆయన తల నిలువుగా ఊపారు. పాస్టర్లకి తల ఊపడం సులువు. హాలు వెతికేది వాళ్ళు కాదు.

సుభద్ర ముందుకొచ్చింది. కొంగు చేతికి చుట్టుకుంది, విప్పింది, మళ్ళీ చుట్టుకుంది. “రెండే నిమిషాలండి” అంది. నేను గంట దగ్గరికి లాక్కున్నాను. ఆ రెండు నిమిషాల్లో సగం నిలబడటానికే అయిపోయింది. తరవాత నోరు విప్పింది.

“మాదండి, నరసాపురం దగ్గర లక్ష్మణేశ్వరం అండి. మా నాన్నగారు వలలు నేసేవారండి. మేం అయిదుగురం అక్కచెల్లెళ్ళం. మా పెద్దక్కకి పెళ్ళి...”

అయిదుగురు అక్కచెల్లెళ్ళు. ఈవిడ ఎన్నోదో తెలియదు. ఇంకా పెద్దక్క పెళ్ళి దగ్గరున్నాం. గేటు దగ్గర త్యాగీజీ స్కూటర్ ఆగిన చప్పుడు అయిందేమో అనిపించింది. గంట కొట్టాను.

ఇంద్రాణిగారైతే నాలుగు మాటలు అనేవారు. రాజగోపాల్‌గారైతే విననట్టు సాగదీసేవారు. సుభద్ర ఠక్కున ఆగిపోయింది. “క్షమించండి” అని, గబగబా వెళ్ళి తన కుర్చీలో కూర్చుంది. హాలంతా కిక్కురుమనలేదు. ఆ సంఘంలో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. ఎన్నో ఆదివారాలుగా దానికోసమే కదా కొట్టుకున్నాను. తీరా వస్తే భరించలేకపోయాను.

“ఏంటండీ మీరు!” అంది మా ఆవిడ, అందరికీ వినపడేట్టు.

“అది కాదు, టైము...”

“ఫ్రిజ్‌కి ఉంది టైము. వీసాకి ఉంది టైము.”

“నా ఫ్రిజ్ ఏం చేసింది మధ్యలో?” అన్నారు ఇంద్రాణిగారు.

నేను తలుపు తీసుకుని బయటకి వచ్చేశాను. ఎండ మొహాన కొట్టింది. వేపచెట్టు కింద జార్ఖండ్ ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. వాళ్ళ పెద్ద ఫూల్మణి ముందుకొచ్చింది. నలభై దాటిన మనిషి, ఇస్త్రీ చీర, చేతిలో గొడుగు. ఆ గొడుగు నీడ మాత్రం పక్కనున్న మనిషి మీద పడుతోంది.

“అయిపోయిందా భయ్యా?”

“అయిపోయింది, కాలేదు” అన్నాను. నాకు తెలియకుండానే కోపమంతా హిందీలో బయటికి వచ్చింది. మావాళ్ళ మాటల సంగతి, త్యాగీజీ సంగతి, నా పూచీ సంగతి, ఇప్పుడే ఒకావిణ్ణి నోరు మూయించి వచ్చిన సంగతి, అన్నీ చెప్పేశాను. “అరుస్తూ చెప్పేవాళ్ళంతా చెప్పేశారు దీదీ. నోట మాట రాని మనిషి ఒక్కతి లేస్తే ఆవిడకి గంట కొట్టాను. ఎల్లుండి ఊరు వదిలి పోతోంది.”

ఫూల్మణి విన్నది. చెయ్యి చాపింది.

“తాళం చెవి ఇవ్వు.”

ఇచ్చాను. ఇంకా కొన్ని నిమిషాలు వేళ ఉందని కూడా చూసుకున్నాను. అలవాటు.

“ఇప్పుడు హాలు ఎవరిది?” అంది.

“మీది.”

“అయితే మీవాళ్ళు మా మెహ్మాన్‌లు. మేము పిలిచిన చుట్టాలు. చుట్టాలు నాలుగు మాటలు చెబితే తప్పేముంది? పద.”

ఆడవాళ్ళంతా వరసగా లోపలికి వచ్చారు. కుర్చీలు దొరకనివాళ్ళు కింద కూర్చున్నారు. మావాళ్ళు ఏం జరుగుతోందో తెలియక బ్యాగులు సర్దుకుంటూ ఆగిపోయారు. ఫూల్మణి తిన్నగా వెనక వరసకి వెళ్ళింది. ఎవరని నన్నడగలేదు. తలదించుకుని కూర్చున్న మనిషిని పట్టుకోవడం కష్టం కాదు.

“బోలో దీదీ. మా ఆరాధన మీ సాక్ష్యంతో మొదలుపెడతాం.”

“వీళ్ళకి తెలుగు రాదు కదండీ” అంది సుభద్ర నా వంక చూసి.

“తెలుగు వచ్చినవాళ్ళు విన్నదేం లేదులేమ్మా. చెప్పండి” అన్నాను.

ఆవిడ మళ్ళీ లేచింది. మళ్ళీ లక్ష్మణేశ్వరం నుంచే మొదలుపెట్టింది! వలలు, అయిదుగురు అక్కచెల్లెళ్ళు, పెద్దక్క పెళ్ళి. నేను పళ్ళు బిగించుకుని గోడకి ఆనుకున్నాను. ఈవిడ రెండోది అని అక్కడ తెలిసింది. పెళ్ళయింది, పోస్టింగులు తిరిగింది, ఢిల్లీ వచ్చింది. అప్పుడు గేటు దగ్గర నిజంగానే స్కూటర్ ఆగింది. త్యాగీజీ గుమ్మంలోకి వచ్చి లోపలికి చూశాడు. మా ఇంద్రాణిగారి పట్టుచీర కనపడింది. ఆయన మొహం మారింది.

“ధర్మయ్యజీ! ఒంటిగంట దాటింది.”

నేను నోరు తెరిచేలోపల ఫూల్మణి తాళం చెవి ఎత్తి చూపించింది. “మాకు ఎప్పుడో ఇచ్చేశారు సాబ్. ఇది మా టైము.”

“మరి ఈ మద్రాసీవాళ్ళు?”

“మా చుట్టాలు.”

త్యాగీజీ నా వంక తిరిగాడు. “అవునా?”

అబద్ధం కాదు. నిజం అనడానికీ నోరు రాలేదు. “హాలు వాళ్ళకి అప్పగించాను జీ. ఉండమన్నది వాళ్ళు” అన్నాను. అంతవరకు తూకం సరిపోయింది.

“అచ్ఛా.” ఆయన మీసం కింద నవ్వాడు. “చుట్టాలంటే సగంలో లేచి పోరు కదా? నేను గేటు దగ్గర కూర్చుంటా. ఈ ఆరాధన అయ్యేలోపల ఒక్క తెలుగువాడు బయటికి వచ్చినా, అది మీ ఆలస్యమే అని లెక్క.” బెంచీ లాక్కుని గేటు నీడలో కూర్చుని టీ తెప్పించుకున్నాడు. ఆయన కూడా బేరం తెలిసినవాడే.

లోపల సుభద్ర కొండల దాకా వచ్చేసరికి ఒంటిగంటన్నర కావస్తోంది.

“మావారు మంచు కొండల మీద పోస్టుకి వెళ్ళారండి. ఫోను వస్తే భయం, రాకపోతే భయం. ఇంటికెళ్తే క్వార్టర్లో నేనొక్కదాన్నే అండి. మీరందరూ ‘ప్రార్థిస్తున్నాం సిస్టర్’ అనేవారు. ఆయన పేరు మాత్రం ఎవరూ అడగలేదు. తప్పుపట్టడం లేదండి. ఇక్కడికొచ్చి కూర్చుంటే ఇంద్రాణిగారి ఫ్రిజ్ పాడయ్యేది, మళ్ళీ బాగయ్యేది. రాజగోపాల్‌గారి వీసా ఆగేది, మళ్ళీ వచ్చేది. అవి వింటుంటే నాకు... లోకంలో ఇంకా ఫ్రిజ్‌లు బాగవుతున్నాయి కదా, ఆయన కూడా దిగి వస్తారులే అనిపించేదండి. మీకందరికీ ఎప్పుడు అయిపోతుందా అని ఉండేది. నాకు మాత్రం ఒంటిగంట కాకూడదని ఉండేది. అన్నయ్యగారు ఆ గంట కొట్టినప్పుడల్లా, క్షమించండి అన్నయ్యగారూ, దాన్ని పట్టుకెళ్ళి నూతిలో పడేయాలనిపించేదండి.”

మావాళ్ళు ఒక్కసారిగా పగలబడి నవ్వారు. తెలుగు రాకపోయినా జార్ఖండ్ ఆడవాళ్ళు కూడా నవ్వారు, అందరి చూపూ నా మీదే ఉంది కదా మరి.

“ఆయన వచ్చేశారండి. అదే చెప్పాలనుకున్నాను” అని కూర్చుంది. ఇంద్రాణిగారు ముక్కు ఎగబీల్చుకుంటూ వెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నారు. రెండో లక్షణానికే అయ్యగారికి ఇంకో రెండు నెలల సరుకు దొరికింది. నా విషయం చెప్పాలంటే, ఒక్క మనిషికి లాభం వచ్చిందని సాక్ష్యాలన్నీ అలాగే సాగాలని నేను ఇప్పటికీ ఒప్పుకోను. ఒకరికి పడ్డ మందు ఊరందరికీ పోస్తామా?

అయ్యగారు ఆశీర్వాదం చెప్పారు. అయిపోగానే మావాళ్ళు అలవాటుగా లేచారు. నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

“ఎక్కడికి? కూర్చోండి.”

“అదేంటి బ్రదర్, అయిపోయిందిగా?” అన్నారు రాజగోపాల్‌గారు.

“మనది అయిపోయింది. వాళ్ళది ఇప్పుడే మొదలైంది. మనం చుట్టాలం.”

“మాల్‌కి సినిమా టికెట్లు బుక్ చేశాం, ధర్మయ్య గారూ. పిల్లలు ఏడుస్తారు” అన్నారు ఇంకొకరు.

“ఏడిస్తే ఇక్కడే ఏడవమనండి. ఆత్మ కదులుతుంది.”

“ఆకలేస్తోందయ్యా” అన్నారు అయ్యగారు, నెమ్మదిగా, నాకొక్కడికే.

“సహవాసం అయ్యగారూ. రెండో లక్షణం.”

ఆయన వెనక్కి వెళ్ళి కూర్చున్నారు. ఒకరి తరవాత ఒకరు అందరూ కూర్చున్నారు. నా మీద ప్రేమతో కాదు, గేటు దగ్గర త్యాగీజీ టీ తాగుతూ కనపడుతున్నాడు కాబట్టి.

వాళ్ళ సాద్రీ భాషలో పాటలు మొదలయ్యాయి. మాందర్ అనే పొడుగు డోలు మెడలో వేసుకుని ఒకామె వాయించింది. మాకు ఒక్క ముక్క తెలియలేదు. చప్పట్లు మాత్రం కలిశాయి. సుభద్ర ఆ ఆడవాళ్ళ మధ్యే కింద కూర్చుని చప్పట్లు కొట్టింది. ఆ తరవాత వాళ్ళ పాస్టరు, ఒక ముసలాయన, ప్రసంగం కాగితం విప్పాడు. గడియారం చూశాడు. ఆడవాళ్ళలో ఒకరిద్దరు అప్పటికే చెప్పుల వైపు చూస్తున్నారు. సాయంత్రం టీ వేళ దగ్గర పడుతోంది. ఆయన కాగితం మళ్ళీ మడిచి జేబులో పెట్టుకుని, చిన్న ప్రార్థన చేసి ముగించాడు.

నాకు ఒళ్ళు మండింది. ఆయన మీద కాదు. మా మాట నిలబడింది, మా హాలు నిలబడింది, సుభద్ర మనసులో మాట బయటపడింది. అన్నీ మాకు లాభాలే. మేము కట్టాల్సిన వెల మాత్రం ఆ ముసలాయన ప్రసంగంలోంచి తెగింది. ఇలాంటి బేరం దుకాణంలో ఎవడైనా చేస్తే నేను సందులో నిలబెట్టి అడుగుతాను.

ఆడవాళ్ళు చెప్పులు వేసుకుంటుంటే ఫూల్మణి దగ్గరికి వెళ్ళాను.

“దీదీ, వచ్చే ఆదివారం నుంచి హాలు మీకు పన్నెండింటికే. నాది మాట.”

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. “మీవాళ్ళని అడిగావా?”

“మావాళ్ళని అడిగితే ఒక్కొక్కరు రెండు నిమిషాలు మాట్లాడతారు.”

ఆమె నవ్వి, గొడుగు తెరుచుకుని వెళ్ళిపోయింది. గేటు దగ్గర త్యాగీజీకి కూడా అదే చెప్పాను. ఆయన ఖాళీ గ్లాసు పక్కన పెట్టి, “రాసుకుంటున్నా” అని తన నుదురు తట్టి చూపించాడు.

వెనక్కి తిరిగేసరికి సంఘమంతా నా చుట్టూ ఉంది.

“ఎవర్నడిగి ఇచ్చారండీ మాట?” అన్నారు ఇంద్రాణిగారు. “పన్నెండుకి ముగించాలంటే ఎప్పుడు మొదలుపెట్టాలి?”

“తొమ్మిదింటికి.”

“ఆదివారం తొమ్మిదింటికి గుర్గావ్ నుంచి ఎవరొస్తారు?”

“సుభద్రగారు రెండు బస్సులు మారి వచ్చేవారు కదా.”

“ఆవిడ వెళ్ళిపోతోందిగా” అన్నారు రాజగోపాల్‌గారు. అని, తనన్నది తనకే ఎలాగో అనిపించి, ఫోను చూసుకున్నారు.

అయ్యగారు ఏం తేల్చలేదు. తేల్చడం ఆయనకి రాదు. “ప్రార్థిద్దాం” అన్నారు. నేను వద్దన్నాను, తొమ్మిదింటికి రండి చాలన్నాను. అరుపులు రోడ్డు దాకా వినిపించాయి. ఒకరు నియంత అన్నారు, ఒకరు పెద్దాయన అన్నారు. ఇద్దరూ ఒకే అర్థంతో అన్నారు.

మా ఆవిడ మాత్రం గొడవంతా అయ్యేదాకా ఆగి, ఆటో కోసం నడుస్తున్నప్పుడు అడిగింది.

“తొమ్మిదింటికి హాలు తియ్యాలంటే మీరు ఎనిమిదింటికే ఇక్కడుండాలి. ఆదివారం పొద్దున దుకాణం ఎవరు తీస్తారు?”

ఆగిపోయాను. మా సందులో గదులు తీసుకుని చదువుకునే పిల్లలంతా వారానికి సరిపడా పచ్చళ్ళూ పొడులూ కొనుక్కునేది ఆదివారం పొద్దునే, నేను ఆరాధనకి బయల్దేరేలోపల. వారం బేరంలో సగం ఆ పూటే.

“ఆ లెక్క వేసుకోలేదా?” అంది.

వేసుకోలేదు. ముందు మాట ఇచ్చి, తరవాత లెక్క వేసుకునే వర్తకుణ్ణి నేనింతవరకు చూడలేదు. చూసి ఉంటే వాడితో బేరం పెట్టుకోవద్దని అందరికీ చెప్పేవాణ్ణి.

“తియ్యం” అన్నాను, విసుగ్గా. “మధ్యాహ్నం తీద్దాం. ఆటో పిలువు.”